కణమునకు ఉత్తరక్రియ

గాలివానకు కొమ్మ విరిగినచో చెట్టునకు గాయమగును. విరిగినచోట బెరడు చీలును, రసము కారును, పురుగు చేరును. ఆకురాలు కాలమున పండుటాకు రాలినచో అట్టి గాయమేదియు కానరాదు. ఆకు రాలుటకు పూర్వమే చెట్టు తొడిమ మొదట ఒక పలుచని పొరను సిద్ధము చేసికొనును. ఆకులోని సారమును కొంత వెనుకకు తీసికొనును. అటుపిమ్మటనే ఆకును విడుచును. రెండును వియోగములే. కాని మొదటిది ఆపద, రెండవది ఏర్పాటు.

మన శరీరమునందలి కణములును ఈ రెండు విధములుగనే మరణించును. కాలినచోట, నలిగినచోట, రక్తము అందనిచోట కణము ఉబ్బి పగిలి, లోనున్నదానిని చుట్టుప్రక్కల చిమ్మును. అచట వాపు, ఎరుపు, నొప్పి కలుగును. ఇది కొమ్మ విరుగుట వంటిది. కాని ఆరోగ్యవంతుడైన మనుష్యుని దేహమున ప్రతిదినమును వేలకోట్ల కణములు వాపు లేక, నొప్పి లేక, ఎవరికిని తెలియకుండ నిష్క్రమించుచున్నవి. ఈ ఒక్క వాక్యము ముగియునంతలో మనలో ప్రతివారియందును లక్షలకొలది కణములు సెలవు తీసికొనును. ఇది ఆకు రాలుట వంటిది. ఇట్లు నిష్క్రమించు కణము తనలోని డి. ఎన్. ఏ. దారమును ఎట్లు త్రెంచుకొనును? ఆ రహస్యమును మనుష్యుడు ఎట్లు తెలిసికొనెను? ఆ పని జరుగనిచో ఏమగును? ఈ మూడు ప్రశ్నలకు సమాధానమును ఈ ప్రసంగమున మేము మనవి చేయుదుము.

ముందుగా దారమును గూర్చి ఒక మాట. 1869లో స్విట్జర్లాండు దేశీయుడైన ఫ్రెడరిక్ మీషర్ అను యువవైద్యుడు జర్మనీలోని ట్యూబింగెన్ పట్టణమున, పూర్వము కోట వంటశాలగా నుండిన ఒక ప్రయోగశాలలో పనిచేయుచుండెను. ఆయన సమీపమందలి శస్త్రచికిత్సాలయమునుండి చీముపట్టిన కట్లను తెప్పించుకొని, ఆ చీములోని తెల్లకణముల కేంద్రకములనుండి భాస్వరము గల ఒక క్రొత్త పదార్థమును వేరుచేసెను. దానికి న్యూక్లిన్ అని పేరిడెను. అదియే నేటి డి. ఎన్. ఏ. వంశలక్షణములను తరతరములకు మోసికొనిపోవు ఈ పదార్థము లోకమునకు మొదట కనబడినది చీముగుడ్డలలో ననుట గమనింపదగినది. అందరును పారవైచుదానిని ఒకడు పరీక్షించి చూచెను. ఈ చరిత్రయందు అట్టివారు ఇంకను పలువురు కనబడుదురు.

కణములు ఏ దెబ్బయు తగులకయే మరణించుట అంతకు పూర్వమే ఒకరి కంటబడినది. ఐరోపాలో ఒక జాతి కప్ప కలదు. దానిలో మగది గ్రుడ్లమాలను తన వెనుకకాళ్లకు చుట్టుకొని మోయుచుండును. ఆ కప్పపిల్ల పెరుగుదలను పరిశీలించుచు కార్ల్ ఫోగ్ట్ అను శాస్త్రజ్ఞుడు, కొన్ని కణములు తమ పని తీరినంతనే అంతరించి వేరు కణములకు చోటిచ్చుటను 1842లో వర్ణించెను. పిమ్మట 1885లో వాల్తర్ ఫ్లెమ్మింగ్ కుందేలు అండాశయములో క్షీణించుచున్న కణములను సూక్ష్మదర్శినితో చూచెను. వాని కేంద్రకములు మొదట ముద్దకట్టి, తరువాత తునకలై, తుదకు కరగిపోవుచుండెను. ఆయన వానిని శ్రద్ధతో చిత్రించి క్రోమటాలిసిస్, అనగా క్రోమాటిన్ కరగుట, అని పేరు పెట్టెను. క్రోమాటిన్ అను పేరును పెట్టినవాడును ఆయనయే. ఒక కణము రెండగు విధానమును తేటగా వర్ణించి ప్రసిద్ధికెక్కిన పండితుడును ఆయనయే. కాని కణముల పుట్టుకను గూర్చి ఆయన వ్రాసినది పాఠ్యగ్రంథములకెక్కెను. చావును గూర్చి వ్రాసినది మరుగునబడెను.

1951లో ఆల్ఫ్రెడ్ గ్లూక్స్‌మన్ అను పరిశోధకుడు, జీవుల పిండములు పెరుగుచుండగా ఎక్కడెక్కడ కణములు మరణించునో ఆ వృత్తాంతములను ఒకచోట చేర్చి ప్రకటించెను. తల్లి గర్భమున మన చేయి మొదట తెడ్డువలె నుండును. వ్రేళ్ల నడుమనున్న కణములు మరణించుటచేతనే వ్రేళ్లు విడివడును. శిల్పి రాతిలో అక్కరలేని భాగమును తొలగించి విగ్రహమును వెలికి తీయునట్లు, ప్రకృతి మరణముతోనే అవయవములను తీర్చుచున్నది. 1964లో అమెరికాలో రిచర్డ్ లాక్షిన్, ఆయన గురువు కారల్ విలియమ్స్ పట్టుచిలుకను పరీక్షించిరి. గూటినుండి వెలికి వచ్చుటకు ఆ చిలుకకు పొట్టలోని కొన్ని కండరములు తోడ్పడును. వెలికి వచ్చిన రెండు దినములలో ఆ కండరములు కరగిపోవును. వానికి జబ్బు లేదు, దెబ్బ లేదు. పని ముగిసినది గనుక పోయినవి. ఇది ముందుగా వ్రాసిపెట్టుకొన్న కార్యక్రమము ప్రకారము జరుగు మరణమని వారు చెప్పిరి. కార్యక్రమములతో నిత్యము మెలగువారమగుటచే ఈ మాట మాకు ప్రత్యేకముగా రుచించినది.

ఈ విషయమునకు అసలైన ఊపిరి పోసినవాడు ఆస్ట్రేలియా దేశీయుడైన జాన్ కెర్. ఆయన 1960 దాటిన తొలి సంవత్సరములలో లండనులో చదువుచు ఎలుకల కాలేయమునకు పోవు ఒక రక్తనాళపు శాఖలను కట్టివైచి ఫలితమును చూచుచుండెను. కొన్ని కణములు ఉబ్బి పగిలెను. అది ఎరిగిన విషయమే. కాని మిగిలిన భాగమున అచ్చటొకటి ఇచ్చటొకటిగా కణములు కుంచించుకొనిపోయి చిన్న చిన్న ఉండలుగా మారుచుండెను. వాని చుట్టును వాపు లేదు. పొరుగు కణములు ఆ ఉండలను మెల్లగా మ్రింగివైచుచుండెను. స్వదేశమునకు మరలి బ్రిస్బేనులో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో ఆయన ఇదే వింతను మరింత నిశితముగా చూచెను. తరువాత స్కాట్లండులోని అబర్డీను విశ్వవిద్యాలయమున అలస్టర్ కరీ, ఆయన శిష్యుడు ఆండ్రూ వైలీ ఆయనతో చేయి కలిపిరి. ముగ్గురును కలిసి 1972లో ఒక వ్యాసమును ప్రకటించిరి.

ఆ మరణమునకు ఏమి పేరు పెట్టవలెనను ప్రశ్న పుట్టగా వారు అదే విశ్వవిద్యాలయమున గ్రీకుభాషను బోధించు జేమ్స్ కార్మాక్ నాశ్రయించిరి. ఆయన సూచించిన పదము అపోప్టోసిస్. పువ్వునుండి రేకులు రాలుట, చెట్టునుండి ఆకులు రాలుట అని దాని యర్థము. ఈ పదములో రెండవ పకారమును పలుకరాదని ఆ వ్యాసకర్తలు ప్రత్యేకముగా సూచించిరి. లోకము మాత్రము నేటికిని రెండు విధములను పలుకుచున్నది. ఉచ్చారణ మీద బ్రతుకు మా వంటివారికి ఇట్టి చిక్కులు క్రొత్త కాదు.

పేరు దొరకినది; కాని కేంద్రకము ముద్దకట్టి తునకలగునప్పుడు దారమునకు ఏమగుచున్నది? ఈ ప్రశ్నకు దారి చూపినది వేరొక ప్రయోగము. మనుష్యుని ఒక కణములోని డి. ఎన్. ఏ.ను సాగదీసినచో సుమారు రెండు మీటర్ల పొడవుండును. అది మిల్లీమీటరులో నూరవవంతునకు మించని కేంద్రకములో ఇమిడియుండవలెను. అందుకై దారము హిస్టోనులను మాంసకృత్తుల ఉండలకు చుట్టుకొనియుండును. ఒక్కొక్క ఉండలో ఎనిమిది హిస్టోనులు. దాని చుట్టును రెండు చుట్లకు కొంచెము తక్కువగా దారము. పిదప కొంత విడి దారము. మరల ఒక ఉండ. నూలుకండెలను ఒకే పోగుతో వరుసగా చుట్టినట్లుండు అమరిక ఇది. ఈ స్వరూపము 1973లో ఎవరికిని తెలియదు. ఆ సంవత్సరము దక్షిణ ఆస్ట్రేలియాలో డీన్ హ్యూయిష్, లీ బర్గోయిన్ అను ఇరువురు ఎలుక కాలేయమునుండి తీసిన కేంద్రకములలో, వానియందే యున్న ఒక ఎంజైము దారమును త్రెంచుటను గమనించిరి. ఆ తునకలు ఎట్లుపడిన అట్లు లేవు. ఒక నిర్ణీతమైన పొడవు, దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలు, ఇట్లు లెక్క తప్పక యుండెను. మరుసటి సంవత్సరము రోజర్ కోర్న్‌బర్గ్ కేంబ్రిడ్జిలో దీని మర్మమును విప్పెను. సుమారు 200 క్షారపు జంటల కొకసారి ఒక ఉండ వచ్చును. కత్తెర ఉండమీది దారమును ముట్టలేక, ఉండకును ఉండకును నడుమనున్న విడి దారమును మాత్రమే కత్తిరించును. కావుననే తునకలన్నియు 200కు గుణిజములైనవి.

ఇట్టి తునకలను జిగురుపలకమీద నుంచి విద్యుత్తును ప్రసరింపజేసినచో చిన్నవి వేగముగా, పెద్దవి నెమ్మదిగా జరిగి, మెట్టు మెట్టుగా నిలుచును. చూచుటకు అది అచ్చముగా నిచ్చెన. 1976లో చెకోస్లొవేకియాలోని బ్రనో నగరమున స్కాల్కా, ఆయన సహచరులు వికిరణమునకు గురియైన జంతువుల శోషరస కణజాలములలో ఇట్టి తునకలనే కనుగొనిరి. 1980లో వైలీ మరియొక యడుగు వేసెను. ఎలుకల థైమస్ గ్రంథి కణములకు ఒక స్టెరాయిడు హార్మోనును తగిలించినచో అవి ఆకురాలినట్లు మరణించును. ఆ కణముల డి. ఎన్. ఏ.ను పలకమీద పెట్టగా నిచ్చెన కనబడెను. ఫ్లెమ్మింగ్ కంటితో చూచి గీసినదానిని కొలతతో చూపుట కిప్పుడు వీలయ్యెను. నాటినుండి అనేక ప్రయోగశాలలలో నిచ్చెన కనబడినచో కణము ఈ విధముగా మరణించినదని నిర్ణయించు ఆచారము ఏర్పడెను.

ఇచటనే ఒక పొరపాటు తలయెత్తెను. దారము తెగుటయే మరణమునకు కారణమని చాలమంది భావించిరి. అది సహజమే. వంశలేఖనమంతయు తునకలైనచో ఏ కణము బ్రతుకును? కాని సాక్ష్యము వేరొక దిక్కునకు త్రిప్పెను. 1993లో ఓబర్‌హామర్ అను పరిశోధకుడును ఆయన సహచరులును, దారము మొదట 3,00,000 లేక 50,000 క్షారపు జంటల పెద్ద తునకలుగా విడిపోవుననియు, కొన్ని కణములలో నిచ్చెన ఎన్నడును ఏర్పడకయే మరణము పూర్తి యగుననియు చూపిరి. 1994లో లండనులో జాకబ్సన్, బర్న్, రాఫ్ అను మువ్వురు మరింత సూటియైన పరీక్ష చేసిరి. వారు కణములనుండి కేంద్రకములనే తీసివైచిరి. అనగా త్రెంచుటకు దారమే లేదు. అయినను ఆ కణములు యథావిధిగా కుంచించుకొని మరణించెను. కావున దారము తెగుట మృత్యువు కాదు. అది మృత్యువు వెంట వచ్చు కర్మకాండ. హంతకుని వెదకుచు బయలుదేరినవారు ఉత్తరక్రియ జరుపు పురోహితుని పట్టుకొనిరి.

మరి ఆ మరణాజ్ఞ యెక్కడిది? దీని జాడ ఒక మిల్లీమీటరు పొడవైన నులిపురుగులో దొరకెను. దాని దేహమున మొత్తము 1,090 కణములు పుట్టును. వానిలో 131 కణములు ప్రతి పురుగునందును తప్పక మరణించును. జాన్ సల్‌స్టన్, రాబర్ట్ హార్విట్జ్ మున్నగువారు ఈ కణముల జాతకమునంతయు వ్రాసిరి. 1986లో హార్విట్జ్ ప్రయోగశాలలో ఈ మరణమునకు అవసరమైన రెండు జన్యువులు గుర్తింపబడెను. వానిలో ఒకటి మాంసకృత్తులను కోయు ఎంజైమునకు మూలమని 1993లో తేలెను. ఆ కుటుంబమునకు చెందిన ఎంజైములు మన దేహమునందును కలవు. వానినే నేడు కాస్పేజులందురు. ఈ పరిశోధనలకు గాను సిడ్నీ బ్రెన్నర్, హార్విట్జ్, సల్‌స్టన్ మువ్వురును 2002లో నోబెలు బహుమానమును పంచుకొనిరి.

ఇక దారమును కత్తిరించు కత్తెర మిగిలినది. 1997లో అమెరికాలోని డల్లాస్ నగరమున షావ్‌డాంగ్ వాంగ్ బృందము, కాస్పేజు ఆజ్ఞను దారమువరకు చేర్చు మాంసకృత్తును వేరుచేసెను. 1998 ఆరంభమున జపానులోని ఒసాకాలో షిగెకాజు నగాటా బృందము ఆ కత్తెరను, దానిని అడ్డగించు మరియొక మాంసకృత్తును స్పష్టముగా చూపి, కత్తెరకు కాడ్ అనియు, అడ్డగించుదానికి ఐకాడ్ అనియు పేరులిడెను. ఈ జంట పనితీరు ముచ్చటైనది. కాడ్ తయారగునప్పుడే ఐకాడ్ దానిని పొదివి పట్టుకొనును. ఐకాడ్ లేనిచో కాడ్ సరియైన రూపమునే పొందజాలదు. అనగా ఇది ఒరలోనే పుట్టిన కత్తి. మరణాజ్ఞ వెలువడినప్పుడు ఒక కాస్పేజు ఐకాడ్‌ను రెండుచోట్ల కోయును. ఒర ఊడును, కత్తి వెలువడును. విడుదలైన కాడ్‌లు రెండు రెండుగా జతగూడి కత్తెర రూపము దాల్చునని 2004లో దాని స్వరూపమును పరిశీలించినవారు తెలిపిరి. ఆ కత్తెర నోరు ఇరుకైనది, లోతైనది. విడి దారము అందులో దూరును. ఉండకు చుట్టిన దారము దూరదు. నిచ్చెన మెట్ల లెక్కకు ఇదియే కారణము.

కథ ఇచటితో ముగిసినదని తోచును. కాని అసలైన వింత ముందున్నది. ఈ కత్తెర పనిచేయని ఎలుకలను పుట్టించి చూచిరి. అవి చక్కగా పెరిగెను! మరణించు కణములలో నిచ్చెన కనబడలేదు; అయినను ఎలుకలకు కీడు కలుగలేదు. ఇంత చక్కని యంత్రము అనవసరమా? 2000లో నగాటా బృందము దీనికి సమాధానము చెప్పెను. మరణించిన కణమును మ్రింగు భక్షకకణము కడుపులో మరియొక ఎంజైము కలదు. దానిపేరు డి. ఎన్. ఏజ్ రెండు. కణము తన దారమును తాను త్రెంచుకొనకపోయినను, మ్రింగినవాడు దానిని జీర్ణము చేసికొనును. పోవువాడు ఇల్లు సర్దుకొని పోలేకపోయినచో వెనుకనున్నవారు సర్దుదురు.

వెనుకనున్నవారును సర్దనిచో? ఇదియే మేము మొదట చెప్పిన మూడవ ప్రశ్న. 2001లో కొహ్కి కవానె, నగాటా మున్నగువారు డి. ఎన్. ఏజ్ రెండు లేని ఎలుకలను పుట్టించిరి. అవి లోకమును చూడకయే తీవ్రమైన రక్తహీనతతో మరణించెను. ఎర్రరక్తకణము తయారగునప్పుడు తన కేంద్రకమును వెలుపలికి నెట్టును. కాలేయములోని భక్షకకణములు ఆ కేంద్రకములను మ్రింగును. ఈ ఎలుకలలో అవి మ్రింగెను గాని జీర్ణించుకొనలేకపోయెను. మిగిలిన దారమును చూచి శరీరము బయటినుండి సూక్ష్మజీవి యేదియో చొచ్చినదని భ్రమించి, ఇంటర్‌ఫెరాన్ అను యుద్ధభేరిని మ్రోగించెను. ఆ భేరీధ్వనియే ఎర్రకణముల తయారీని చంపినదని 2005లో తేలెను. 2006లో వారు మరియొక విషయమును ప్రకటించిరి. పుట్టిన తరువాత ఈ ఎంజైమును తొలగించినచో ఆ ఎలుకల కీళ్లు వాచి, మనుష్యులకు వచ్చు కీళ్లవాతమును పోలిన వ్యాధి పట్టుకొనెను. 2017లో ఈ ఎంజైము జన్యుదోషము గల మనుష్యశిశువులును గుర్తింపబడిరి. వారియందును రక్తహీనత, కీళ్లబాధ కానవచ్చెను.

ఇందలి విషాదమును గమనింపుడు. అచ్చట శత్రువెవ్వరును లేరు. సూక్ష్మజీవి లేదు, విషము లేదు. ఉన్నది తన దారమే, తన మృతకణముల శేషమే. తనవారి అవశేషమును గుర్తింపలేక శరీరము తన మీదనే తాను యుద్ధము ప్రకటించుకొనుచున్నది. కాబట్టి దారమును త్రెంచుట వట్టి శుభ్రత కాదు, అది శాంతి. ఒక కత్తెర తప్పినచో మరియొకటి యుండునట్లు ప్రకృతి రెండంచెల ఏర్పాటు చేసినదనిన, ఆ పని ఎంత ముఖ్యమో ఊహింపవచ్చును.

శేషమంతయు సమసిపోదు. కొన్ని తునకలు రక్తమున చేరి కొంతకాలము తిరుగుచుండును. రక్తద్రవమున డి. ఎన్. ఏ. యున్నదని 1948లోనే ఫ్రాన్సులో మాండెల్, మెతే అను ఇరువురు చూపిరి. చాలకాలమువరకు దానిని ఎవరును పట్టించుకొనలేదు. 1997లో డెన్నిస్ లో, ఆయన సహచరులు గర్భిణి రక్తములో ఆమె శిశువు డి. ఎన్. ఏ. తునకలను కనుగొనిరి. తల్లి రక్తములోని తునకలలో అధికభాగము సుమారు 166 క్షారపు జంటల పొడవున నుండును. అనగా ఒక ఉండకు చుట్టిన దారము, దాని ప్రక్కనున్న కొంచెము విడి దారము. అది మన నిచ్చెనలోని మొదటి మెట్టే. నేడు గర్భస్థశిశువును సూదితో ముట్టకయే, తల్లి చేతినుండి తీసిన కొద్దిపాటి రక్తముతో కొన్ని జన్యులోపముల జాడను పసిగట్టగలుగుచున్నారు. అందుకు ఆధారము ఈ తునకలే.

మీషర్ చీముగుడ్డలతో మొదలైన చరిత్ర తల్లి రక్తపు చుక్కవద్దకు వచ్చినది. నడుమ నూటయిరువదికి మించిన సంవత్సరములు గడచినవి. కప్ప, కుందేలు, పట్టుచిలుక, ఎలుక, నులిపురుగు సాక్ష్యము పలికినవి. వీరందరును చూచినది ఒక్కటే: ఇతరులు చెత్తయని త్రోసివేసినది. రేపు ఉదయము పెరటిలో రాలిన ఆకులను ఊడ్చునప్పుడు, అదే సమయమున మన దేహములోపల అంతకంటె నేర్పుగా జరుగుచున్న ఊడ్పును ఒక్కసారి తలచుకొందము. అది ఆగని యంతకాలము మనకు దాని చప్పుడు వినబడదు. ఆగినప్పుడే వినబడును.